కనిపెట్టుకుని ఉండటం: విశ్వాసి ఇంట్లో ఓర్పును రోజూ ఎలా సాధన చేయాలి

సాయంత్రం నాలుగున్నర దాటిందంటే మా అత్తమ్మ వీధి అరుగు మీదకి వచ్చి కూర్చుంటుంది. "ఏటమ్మా, బండి ఒచ్చీసిందా?" అని అడుగుతుంది. ఆమె అడిగేది నౌపడా నుంచి, ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లిన పాత చిన్న రైలు గురించి. 1900లో మా ఊరి దాకా వేసిన ఆ చిన్న లైను 2004లో ఆగిపోయింది. 2011కల్లా గుణుపూర్ దాకా పెద్ద లైను వచ్చేసింది. మావయ్య పోయి పదకొండేళ్లు. ఆమె మనసులో మాత్రం ఆ చిన్న బండి ఇంకా నడుస్తోంది, మావయ్య అందులోనే వస్తున్నారు.

ఒక్క సాయంత్రంలో ఆ ప్రశ్న ఇరవై సార్లు వస్తుంది. మొదటి నాలుగైదు సార్లు ప్రేమగానే జవాబు చెబుతాను. ఆ తర్వాత నా గొంతు మారిపోతుంది. గలతీయులకు రాసిన పత్రికలోని ఆత్మ ఫలాన్ని చిన్నప్పుడే కంఠస్థం చేశాను, సండే స్కూలు పిల్లల చేత కూడా చేయించాను. అందులో నాలుగోది దీర్ఘశాంతం. అది నాలో ఎంత తక్కువుందో ఆ అరుగు మీదే తెలిసింది. అప్పటినుంచి నేను నేర్చుకుంటున్నదీ, మా స్త్రీల సమాజంలో చెప్పుకుంటున్నదీ వరసగా రాస్తున్నాను. ఒక్క రోజులో అయ్యేది కాదు. ఒక్కో మెట్టు మీద కనీసం వారం రోజులు నిలబడండి.

ముందు ఈ మాటలు తెలుసుకోండి

మన తెలుగు బైబిల్లో ఓర్పుకి పక్కనే ఒక గొప్ప మాట ఉంది: కనిపెట్టడం. "యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని" అంటాడు దావీదు, 40వ కీర్తనలో. ఇప్పుడు కనిపెట్టడం అంటే కొత్తది కనుక్కోవడం అనుకుంటున్నాం గానీ, ఇళ్లలో పాత అర్థం ఇంకా బతికే ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి వెళ్తూ "కాస్త కనిపెట్టుకుని ఉండవే" అంటాం. అంటే ఊరికే కూర్చోమని కాదు, చూపు అటే ఉంచమని. పాలు పొంగితే లేచి దించమని. విశ్వాసి ఓర్పు సరిగ్గా అలాంటిది. పళ్లు బిగించి భరించడాన్ని చాలామంది ఓర్పు అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకుని లోపల కుళ్లిపోయాను.

ఇంకో రెండు మాటలున్నాయి. కొత్త నిబంధన గ్రీకులో మనుషుల విషయంలో నిదానానికి ఎక్కువగా ఒక మాట వాడారు, కష్టం కింద నిలబడటానికి ఇంకో మాట. తెలుగులో మొదటిది ఎక్కువగా దీర్ఘశాంతం అయింది, రెండోది ఓర్పు అయింది. అత్తమ్మ విషయంలో నాకు కావలసింది దీర్ఘశాంతం. తుఫానులో మా జీడితోట పోయినప్పుడు మా ఆయనకి కావలసి వచ్చింది ఓర్పు. ఒకటున్న మనిషికి రెండోది ఉండకపోవచ్చు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. నిర్గమకాండం 34:6లో దేవుడు తన గురించి తానే దీర్ఘశాంతుడని చెప్పుకుంటాడు. అక్కడ హెబ్రీ మాటని ఉన్నదున్నట్టు తీసుకుంటే "పొడవైన ముక్కు గలవాడు" అని వస్తుంది. ఆ భాషలో ముక్కే కోపం. మనకీ కోపం ముక్కు మీదే కదా ఉండేది! దేవుడి కోపం ముక్కు కొసకి చేరడానికి చాలా దూరం నడవాలన్నమాట. ఈ మాట చెబితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. ఓర్పు ముందు ఆయన స్వభావం, తర్వాతే మనకు ఆజ్ఞ. అందుకే ఆయన్ని అడగడంతోనే సాధన మొదలవ్వాలి.

మొదటి మెట్టు: ఏడు రోజుల నోటుపుస్తకం

ఓ చిన్న నోటుపుస్తకం తీసుకోండి. వారం రోజుల పాటు సహనం తప్పిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకి, ఎవరి మీద, నోటి నుంచి ఏ మాట వచ్చింది, దానికి ముందు ఒంట్లో ఎలా ఉంది. నాలుగోది మరిచిపోకండి. రాసేటప్పుడు తీర్పు చెప్పుకోవద్దు, "నేను పాపిని" అని పేజీ నింపొద్దు. ఒప్పుకోలు తర్వాత ఉంది.

నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: "5:40. చిన్నాడు. 'నీకెన్నిసార్లు చెప్పాలి' అన్నాను. మధ్యాహ్నం అన్నం తినలేదు." ఇంకో రోజు: "6:10. అత్తమ్మ. జవాబివ్వలేదు, తలుపు గట్టిగా వేశాను. నడుం నొప్పి." ఏడు రోజులయ్యాక చూస్తే పదమూడు పట్టీల్లో తొమ్మిది సాయంత్రం ఐదుకీ ఏడుకీ మధ్యే. వాటిలో ఆరుసార్లు నేను మధ్యాహ్నం సరిగ్గా తినలేదు. నా ఆత్మీయ జీవితం మొత్తం పాడైపోయిందని ఏడ్చినదాన్ని, రెండు గంటలకి అన్నం తినడం మొదలుపెట్టాను. పట్టీలు సగానికి తగ్గాయి. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దూత ముందు రొట్టె, నీళ్లు పెట్టి నిద్రపోనిచ్చాడు. దేవుని స్వరం వినిపించింది ఆ తర్వాతే (1 రాజులు 19). ఒంటి అలసటని ఆత్మ లోపం అనుకుని తమని తాము కొట్టుకునే అక్కలు మా సంఘంలో చాలామంది ఉన్నారు. వాళ్లకోసమే ఈ మెట్టు ముందు పెట్టాను.

రెండో మెట్టు: నోటికి కావలి

కోపం వచ్చాక కొన్ని క్షణాలే మన చేతిలో ఉంటాయి. అప్పటికప్పుడు ఆలోచించుకునే తీరిక ఉండదు కాబట్టి ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. "యెహోవా, నా నోటికి కావలియుంచుము" అనేది 141వ కీర్తనలోని ప్రార్థన. నేను దాన్ని పొద్దున్నే చేస్తాను, ఎందుకంటే సాయంత్రం ఆ క్షణంలో గుర్తు రాదు.

ఆ క్షణంలో చేసేది ఇది. చెంబులో నీళ్లు తీసుకుని ఒక గుక్క నోట్లో పెట్టుకుంటాను, మింగను. నోట్లో నీళ్లుంటే మాట రాదు. ముక్కుతో ఊపిరి నెమ్మదిగా వదులుతూ లోపల ఒక్క వాక్యం అనుకుంటాను: "ప్రభువా, నాతో నువ్వు ఓర్చుకున్నావు." మూడు ఊపిర్లయ్యాక మింగుతాను. అప్పుడు మాట్లాడాలనిపిస్తే మామూలుకంటే ఒక మెట్టు కింది గొంతుతో మొదలుపెడతాను. "మృదువైన మాట క్రోధమును చల్లార్చును" అని సామెతల్లో ఉన్నది ఎదుటివాళ్ల కోపం గురించే అనుకునేదాన్ని. మన గొంతు తగ్గితే మన కోపమే ముందు చల్లారుతుంది.

ఫోను విషయంలో ఒకటే నియమం: కోపంగా ఉన్నప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టొద్దు. తెల్లారాక పెట్టండి.

యాకోబు 1:19లో వరస గమనించండి. వినడానికి వేగిరపడాలి, మాట్లాడటానికి నిదానించాలి, కోపించడానికి నిదానించాలి. మూడింటిలో త్వరపడమన్నది వినడానికే. మా సరిహద్దు సంఘాల్లో దీన్ని ఆదివారం ఆరాధనలోనే నేర్చుకోవచ్చు. తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు ఒకే చాప మీద కూర్చుంటాం. ఒక వాక్యం చెప్పి, అది ఇంకో భాషలోకి మారేదాకా ప్రసంగీకుడు ఆగుతాడు. అలా గంట ప్రసంగం రెండు గంటలవుతుంది. ముందు నాకు విసుగుగా ఉండేది. ఇప్పుడు ఒడియాలో సాగేటప్పుడు కళ్లు మూసుకుని, ఇందాక తెలుగులో విన్న వాక్యాన్నే ప్రార్థనగా మార్చుకుంటాను. నా పక్కన కూర్చున్న సవర అమ్మమ్మకి ఆ వాక్యం అప్పుడే అందుతోందని గుర్తు చేసుకుంటాను.

మూడో మెట్టు: పదిహేను నిమిషాల కనిపెట్టు ప్రార్థన

కనిపెట్టు ప్రార్థన అనగానే మనకి ఉపవాస కూడికలు, రాత్రంతా జరిగే ప్రార్థనలు గుర్తొస్తాయి. నేను చెబుతున్నది ఇంట్లో, రోజూ, పదిహేను నిమిషాలు చేసేది. ఇంట్లో ఎవరూ లేవకముందే మంచిది.

ముందు ఒక కీర్తన నెమ్మదిగా, బయటికి వినిపించేలా చదవండి. మొదలుపెట్టడానికి 13వది మంచిది, ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే ఇంకా ఎంతకాలమని నాలుగుసార్లు అడుగుతాడు దావీదు. ఇది మన పెద్దలు మనకి సరిగ్గా నేర్పని సంగతి. మొరపెట్టడం సణగడం కాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుడి గురించి గుడారాల్లో కూర్చుని సణుక్కున్నారు. దావీదు దేవుడితోనే మాట్లాడాడు. కాబట్టి మీ "ఎంతకాలం" ఏమిటో పేరు పెట్టి చెప్పండి. కూతురి పెళ్లా, కొడుకు తాగుడా, కాళ్ల నొప్పా, ఏదైతే అది. తర్వాత ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. మనసు వంటింట్లోకి పారిపోతుంది. పారిపోయిందని తెలిసినప్పుడల్లా "నీకొరకు కనిపెడుతున్నాను" అని వెనక్కి తెచ్చుకోండి. చివరిగా ఈ ఒక్క రోజుకి సరిపడా ఓర్పు అడిగి లేవండి. ఏడాదికి సరిపడా అడగొద్దు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం, మన్నా కూడా ఏ రోజుకారోజే పడింది.

నాలుగో మెట్టు: కాచుకుంటూ తవ్వడం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలీ వానా మా గజపతి కొండల మీద కూడా విరుచుకుపడ్డాయి. కొండ కింద మావయ్య నాటిన జీడితోట పొద్దుటికి వేర్లతో సహా పడి ఉంది. మా ఆయన పడిపోయిన చెట్టు మొదలు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో చదువుకున్న వాక్యం యాకోబు 5:7. తొలకరి వాన, కడవరి వాన పడేదాకా వ్యవసాయకుడు భూఫలం కోసం ఓపికతో కాచుకుని ఉంటాడు. మన తొలకరి జూన్‌లో వస్తుంది. యాకోబు చూసిన దేశంలో అది అక్టోబరు, నవంబరుల్లో విత్తనాల వేళకి పడుతుంది, కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లలో గింజ పాలుపోసుకునే వేళకి పడుతుంది. ఈ రెండింటి మధ్య రైతు ఖాళీగా ఉండడు. ఆ వాక్యం మా ఆయన్ని లేపింది. అంటు మొక్కలు తెచ్చి గోతులు తవ్వారు. జీడి అంటుకి మూడో ఏట తొలి కాపు కనిపిస్తుంది, నిండు కాపుకి ఎనిమిదేళ్లు, ఇంకా పైనా పడుతుంది. పూత మీద మబ్బు కమ్మి మంచు పడితే ఆ ఏడు మాడిపోవడం కూడా ఉంది. ఆ లెక్క తెలిసే నాటాం.

లూకా 13లో తోటమాలి కాపులేని అంజూరపు చెట్టు గురించి యజమానిని ఒక ఏడు గడువడుగుతాడు. ఊరికే అడగడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. మీరు దేనికోసం కాచుకుంటున్నారో దాని పేరు నోటుపుస్తకంలో రాసి, కింద పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఒకవైపు దేవుడి చేతిలో ఉన్నవి, రెండోవైపు ఈ వారం నేను తవ్వగలిగినవి. రెండోవైపు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు.

కాగితాల పనులకి ఇది మరీ అవసరం. సరిహద్దులో ఉన్న తెలుగువాళ్లందరికీ ఈ తిప్పలు తెలుసు. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు. ఒడియా కాగితాల్లోకి వెళ్లేసరికి అది చివరికి పోతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. మా తోట పట్టాలో మావయ్య పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండి మూడేళ్లు తిరిగాం. ఒకసారి ఆఫీసులో నేను గుమస్తా మీద కేకలు వేశాను. తప్పు రాసింది అతను కాదు, అతను కొత్తగా వచ్చినవాడు. ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు. మర్నాడు వెళ్లి క్షమించమని అడిగాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. ప్రతిసారీ అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం. ఎవరిని కలిశామో, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో పుస్తకంలో రాసుకున్నాం. ఒడిశాలో 2012 నాటి ప్రజా సేవల హక్కు చట్టం కింద చాలా పనులకి గడువులున్నాయి. ఆ గడువు దాటితే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అర్జీ ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. లూకా 18లో విధవరాలు న్యాయాధిపతి గుమ్మం వదలలేదు. యేసు ఆ కథ చెప్పింది విసుగక ప్రార్థించమని నేర్పడానికి. విసుగక తిరగడం, తిట్టకుండా తిరగడం మాకు ఆమే నేర్పింది. పేరు సరైంది.

ఐదో మెట్టు: ఒకే మనిషితో, రోజూ

ఇదే అన్నింటికంటే కష్టమైంది. తుఫాను ఒక రాత్రి వచ్చి పోతుంది. మతిమరుపు జబ్బున్న పెద్దామె ప్రశ్న రేపూ వస్తుంది.

మొదట్లో నేను నిజమే చెప్పేదాన్ని: "మావయ్య పోయారు కదమ్మా." ఆమెకి అది ప్రతిసారీ కొత్త చావే. అప్పుడే విన్నట్టు గుండె బాదుకునేది. పది నిమిషాలకి మరిచిపోయి మళ్లీ అడిగేది. నేను ఓర్పుగానే చెబుతున్నాననుకున్నాను గానీ, ఆమెని రోజుకి నాలుగుసార్లు విధవని చేస్తున్నాను. ఇప్పుడు ఆమె అడిగిన మాట వెనక ఉన్న బెంగకి జవాబిస్తాను. "మావయ్యంటే నీకు బెంగగా ఉందా అమ్మా?" అంటాను. లేదా ఆ బండి గురించి చెప్పమంటాను. చేతికి పని ఇస్తాను, చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరమంటాను. వెలుగు తగ్గేవేళ తికమక పెరగడం ఈ జబ్బులో మామూలే. అందుకని చీకటి పడకముందే లైట్లు వేసేస్తాం. తికమక ఒక్కసారిగా ఎక్కువైతే మాత్రం ఓర్చుకుంటూ కూర్చోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటిదేదైనా ఉండొచ్చు, డాక్టరుకి చూపించండి.

సాయం అడగండి. ఒక్కరే మోయడం ఓర్పు కాదు. యుద్ధం జరుగుతుంటే ఎత్తి పట్టుకున్న మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోవైపు పట్టుకున్నారు. మా సమాజంలో ఇద్దరు అక్కలు మంగళవారం, శుక్రవారం గంట సేపు అరుగు మీద కూర్చుంటారు. ఆ గంట నేను మహేంద్రతనయ ఒడ్డున నడుస్తాను.

తప్పిపోయిన రోజు ఏం చేయాలి? పొద్దుకుంకే లోపు క్షమాపణ అడగండి, ఎఫెసీ పత్రిక పెట్టిన గడువు అది. అడిగేటప్పుడు చేసిన పని పేరు చెప్పండి: "నీ మీద అరిచాను, తలుపు గట్టిగా వేశాను, క్షమించు." దాని వెనక "కానీ" పెట్టొద్దు. అత్తమ్మకి ఆ సంగతి గుర్తుండదు. అయినా అడుగుతాను. పక్కన పిల్లలు వింటుంటారు.

ఆరో మెట్టు: ఎక్కడ ఓర్చుకోకూడదు

ఇది రాయకపోతే పైనదంతా ప్రమాదం. "ఓర్చుకోమ్మా, ప్రార్థన చెయ్యి" అన్న మాటతో దెబ్బలు తినే ఆడపిల్లల్ని మళ్లీ ఆ ఇంటికే పంపిన పెద్దల్ని నేను చూశాను. అది వాక్యం కాదు. ఫిలిప్పీలో పౌలుని విచారణ లేకుండా కొట్టి చెరలో వేశారు. అర్ధరాత్రి పాటలు పాడాడు. తెల్లారాక రహస్యంగా పంపేస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు, అధికారులే వచ్చి తీసుకెళ్లాలన్నాడు (అపొస్తలుల కార్యములు 16). పాట పాడినవాడే న్యాయం అడిగాడు.

ఇంట్లో కొడుతుంటే 181కి ఫోన్ చేయండి, ప్రాణాపాయమైతే 112కి. గృహహింస నుంచి కాపాడే 2005 నాటి చట్టం ఉంది. పిల్లల మీద అఘాయిత్యమైతే 1098. గుండె నొప్పి, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ప్రార్థన చేస్తూనే 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి. బతకాలనిపించకపోతే, నిద్ర పూర్తిగా పోతే 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైనులో మాట్లాడేవాళ్లున్నారు. ఇవి విశ్వాసం తక్కువైనవాళ్లు చేసే ఫోన్లు కావు.

ఏడో మెట్టు: సంఘంతో కలిసి

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులు ఏదో ఒకటి మానుకుంటాం కదా, ఈసారి ఒక సాధన పెట్టుకోండి. ఒక్కరు చాలు, తోడు. వారానికోసారి నోటుపుస్తకాలు మార్చుకుని చదువుకోండి.

పాతవాళ్ల సంగతులు కూడా చెప్పుకోండి. 1836లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగువాళ్ల మధ్యకి వచ్చి, మనకి దగ్గర్లోని శ్రీకాకుళంలో కొంతకాలం ఉన్నాడు. తర్వాత నెల్లూరులో పని పెట్టాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. ఒంటరి నక్షత్రం అని దానికి పేరు పడింది. తర్వాత ఒంగోలుకి వచ్చిన జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని గుత్తకి తీసుకుని ఆకలిగొన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పిల్లలకి ఆ అంకె గుర్తుండిపోతుంది. నేను వాళ్లని అడిగేది అంతకు ముందు నలభై ఏళ్ల గురించి. ఆ ఏళ్లలో ఆదివారం ఆరాధనకి ఎంతమంది వచ్చి ఉంటారు? ప్రసంగం ఎవరికి చెప్పి ఉంటారు? ఒక పిల్ల "ఐదుగురికైనా చెప్పారా?" అని అడిగింది. ఆ వారమంతా మేం ఆ ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం.

నిన్న సాయంత్రం మళ్లీ నోటుపుస్తకంలో పట్టీ పడేదే. పదిహేడోసారి అడిగింది. నీళ్లు నోట్లో పెట్టుకున్నాను, మూడు ఊపిర్లు వదిలాను, మింగాను. "ఇంకా రాలేదమ్మా" అన్నాను. ఆమె చేటలో బియ్యం పక్కకి జరిపి అరుగు మీద నాకు చోటు చేసింది.

"కూకోమ్మా," అంది. "ఇయ్యాల బండి ఆలీసంగా ఒస్తాది."